ఆకాశంలో ఒక్క నిమిషం... నేలపై మూడు ప్రశ్నలు

పదమూడు వేల అడుగుల ఎత్తున విమానం తలుపు తెరుచుకుంటుంది. గాలి హోరు చెవులను దిమ్మెక్కిస్తుంది. ప్రయాణికుడి కాళ్లు తలుపు అంచు దాటి శూన్యంలో వేలాడుతుంటాయి. అతని వీపుకు తన ఛాతీ ఆన్చి పట్టీలతో బిగించుకున్న శిక్షకుడు ముందుకు ఒరుగుతాడు. మరుక్షణం ఇద్దరూ గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగంతో నేలవైపు పడిపోతుంటారు. పారాచూట్ విచ్చుకునేందుకు పట్టేది ఒక్క నిమిషంలోపే.

ఆ నిమిషంలో ప్రయాణికుడి ప్రాణం ఇద్దరు మనుషుల చేతుల్లో ఉంటుంది. ఒకరు వీపున ఉన్న శిక్షకుడు. అతనిని చూస్తాము, మాట్లాడతాము, ఫొటో దిగుతాము. రెండవ వ్యక్తి పారాచూట్‌ను పరీక్షించి, మడిచి, సీలు వేసిన నిపుణుడు. ఈ క్రీడాలోకంలో అతనిని రిగ్గర్ అంటారు. ఆ రోజున అతను మైదానంలో ఉండకపోవచ్చు. అతను చేసిన పని నెలల క్రితందే కావచ్చు. అయినా ప్రధాన పారాచూట్ మొరాయించిననాడు ప్రయాణికుడిని నేలకు చేర్చవలసింది అతను మడిచిన గుడ్డే.

సైన్యానికే పరిమితమై ఉండిన స్కైడైవింగ్ మన దేశంలో ఇప్పుడు సామాన్య పౌరులకు కూడా అందుబాటులోకి వచ్చింది. హర్యానాలోని నార్నౌల్ వద్ద పౌరుల కోసం జంప్ కేంద్రం ఏర్పడింది. మైసూరు, ఉజ్జయిని వంటి చోట్ల శిబిరాలు జరిగాయి. వేల రూపాయలు చెల్లించి జీవితంలో ఒక్కసారైనా దూకాలని ఉత్సాహపడే యువతీ యువకులకు కొదవ లేదు. అయితే ప్రకటనలో వీడియో చూసి డబ్బు కట్టే వారిలో ఎక్కువ మందికి అక్కడ ఏమి అడగాలో తెలియదు. పారాసెయిలింగ్, పారాగ్లైడింగ్, స్కైడైవింగ్ మూడూ ఒకటేననుకునే వారు కూడా ఉన్నారు. పడవకో జీపుకో తాడు కట్టి లాగగా పైకి లేచేది పారాసెయిలింగ్. కొండ అంచు నుంచి విచ్చుకున్న రెక్కతో ఎగిరేది పారాగ్లైడింగ్. విమానం నుంచి దూకి, కొంతదూరం పడిన తరువాత పారాచూట్ తెరుచుకునేది స్కైడైవింగ్. మూడింటి ఉపకరణాలు వేరు, శిక్షణ వేరు, ప్రమాదాలు వేరు. ఒకదానిలో అనుభవం ఉన్నదని చెప్పి మరొకదానికి ప్రయాణికులను ఎక్కించుకోవడం తగదు.

ఇద్దరి బరువు, ఒక్క గొడుగు

శిక్షణ లేని వ్యక్తి నిపుణుడితో కలిసి ఒకే పారాచూట్‌పై దిగడాన్ని ట్యాండెం జంప్ అంటారు. 1980 దశకం తొలినాళ్లలో అమెరికాలో బిల్ బూత్, టెడ్ స్ట్రాంగ్‌లు రూపొందించిన ఉపకరణాలతో ఇది వ్యాప్తిలోకి వచ్చింది. అంతకుముందు కొత్తవారు రోజంతా నేలపై తర్ఫీదు పొంది, విమానానికి కట్టిన తాడు పారాచూట్‌ను లాగి తెరిచే పద్ధతిలో ఒంటరిగా దూకవలసి వచ్చేది. ట్యాండెం వచ్చాక అరగంట పాఠంతోనే తొలి జంప్ సాధ్యమైంది. అదే దానిలోని సౌకర్యం, అదే దానిలోని ముప్పు. నిర్ణయాలన్నీ శిక్షకుడివే. ప్రయాణికుడికి ఏదైనా సరిదిద్దుకునే అవకాశం లేదు.

ఇద్దరి బరువు ఒక్కటై పడుతుంటే వేగం ఒంటరి జంప్ కంటే చాలా ఎక్కువవుతుంది. ఆ వేగంలో పారాచూట్ తెరిస్తే గుడ్డకూ శరీరానికీ తగిలే కుదుపు ప్రమాదకరం. అందుకే విమానం వదిలిన కొద్ది క్షణాల్లోనే శిక్షకుడు డ్రోగ్ అనే చిన్న గొడుగును వెనుకకు విసురుతాడు. అది గాలికి అడ్డుపడి, వేగాన్ని ఒంటరి వ్యక్తి పడే స్థాయికి తగ్గిస్తుంది. సుమారు అయిదున్నర వేల అడుగుల వద్ద శిక్షకుడు పిడి లాగగానే అదే డ్రోగ్ ప్రధాన పారాచూట్‌ను సంచి నుంచి బయటకు లాగుతుంది. ఆ తరువాత అయిదారు నిమిషాలు నిదానంగా దిగడమే. ప్రధాన పారాచూట్ సరిగా తెరుచుకోకపోతే దానిని పూర్తిగా వదిలించుకుని రిజర్వు పారాచూట్ తెరవడం శిక్షకుడి కర్తవ్యం.

మొదటి ప్రశ్న: శిక్షకుడి అర్హత ఏమిటి?

ఈ క్రీడ విస్తృతంగా సాగే అమెరికాలో నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. మనకు అవి మంచి కొలబద్ద. అక్కడి విమానయాన చట్టం ప్రకారం ట్యాండెం శిక్షకుడికి ఈ క్రీడలో కనీసం 3 సంవత్సరాల అనుభవం, 500 జంప్‌లు, అత్యున్నత స్థాయి లైసెన్సు ఉండాలి. అంతటితో చాలదు. తాను వాడబోయే ట్యాండెం ఉపకరణంపై ప్రత్యేక కోర్సు పూర్తిచేసి ఉండాలి. ఒంటరిగా వేయి సార్లు దూకిన వీరుడైనా సరే, ఆ కోర్సు లేనిదే ప్రయాణికుడిని కట్టుకుని దూకరాదు.

ఈ పత్రం కేవలం లాంఛనం కాదని 2016 ఆగస్టులో కాలిఫోర్నియాలోని లోడై వద్ద జరిగిన దుర్ఘటన రుజువు చేసింది. తొలిసారి దూకిన 18 ఏళ్ల యువకుడు, అతనిని కట్టుకుని దూకిన శిక్షకుడు ఇద్దరూ మరణించారు. ఆ శిక్షకుడికి సక్రమమైన ట్యాండెం అర్హత లేదని తరువాత తేలింది. అతనికి కోర్సు చెప్పిన వ్యక్తి తన అర్హత సస్పెన్షన్‌లో ఉండగానే, మరొక పరీక్షాధికారి సంతకం గల పత్రాలతో అభ్యర్థుల నుంచి రుసుము వసూలు చేశాడు. 2024లో ఫెడరల్ న్యాయస్థానం అతనికి మోసం నేరం కింద రెండేళ్ల జైలు శిక్ష విధించింది. ఆ యువకుడు గాలిలో చేయగలిగింది ఏమీ లేదు. నేలమీద తనిఖీ చేయవలసిన వారు చేయలేదు.

కనుక ప్రయాణికుడు మొదట అడగవలసింది శిక్షకుడి ట్యాండెం రేటింగ్ కార్డు. అది ఏ సంస్థ ఇచ్చింది, గడువు ఎప్పటి వరకు ఉన్నది, ఈ రోజు వాడే ఉపకరణానికి వర్తిస్తుందా అని చూడాలి. నిజమైన శిక్షకుడు ఈ ప్రశ్నకు నొచ్చుకోడు.

రెండవ ప్రశ్న: రిజర్వు ఎప్పుడు మడిచారు?

ప్రధాన పారాచూట్‌ను జంప్ జంప్‌కూ మైదానంలోనే మడుస్తారు. చేయి తిరిగిన ప్యాకర్‌కు అది నిమిషాల పని. రిజర్వు సంగతి వేరు. అమెరికాలో దానిని లైసెన్సు పొందిన రిగ్గర్ మాత్రమే మడవాలి. వాడినా వాడకపోయినా 180 రోజులకు ఒకసారి విప్పి, పరీక్షించి, తిరిగి మడవాలి. 2008 వరకు ఆ గడువు 120 రోజులే.

రిగ్గర్ పని గదికి కూడా నియమాలున్నాయి. మూడు అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు గల నున్నని బల్ల ఉండాలి. గాలి, వెలుతురు, పారాచూట్‌ను ఆరవేసే వసతి కావాలి. గుడ్డను ఆ బల్లపై పరచి ప్రతి కుట్టునూ, ప్రతి తాడునూ, ప్రతి లోహపు కడియాన్నీ వేలితో తడిమి చూస్తారు. తాళ్లు మెలిపడకుండా వరుసగా ఉన్నాయని నిర్ధారించుకుంటారు. మడత ముగిశాక తన పనిముట్లను లెక్కపెట్టుకుంటారు. ఒక్కటి తక్కువైనా సంచి మళ్లీ విప్పవలసిందే. లోపల మిగిలిపోయిన ఒక పనిముట్టు రిజర్వు తెరుచుకోకుండా అడ్డుపడగలదు. చివరకు పిన్నుకు ఎర్ర దారం కట్టి, తన గుర్తు గల సీసపు సీలు వేసి, తేదీతో సహా కార్డుపై సంతకం చేస్తారు.

ఆ కార్డు పారాచూట్ సంచికి ఉన్న చిన్న జేబులోనే ఉంటుంది. దానిని చూపమని అడగడానికి ప్రయాణికుడు సంకోచించనక్కర లేదు. తేదీ గడువులో ఉన్నదా, సీలు చెక్కుచెదరకుండా ఉన్నదా అనే రెండు విషయాలు చదువు వచ్చిన వారెవరైనా చూడగలరు.

మన వాతావరణంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. నైలాన్‌కు ఎండ శత్రువు. అతినీలలోహిత కిరణాలు సోకినకొద్దీ గుడ్డ బలం తగ్గుతుంది. తేమకు బూజు, లోహానికి తుప్పు పడతాయి. దుమ్ము, ఇసుక తాళ్ల పోగులను కోస్తాయి. మధ్యాహ్నపు ఎండలో పారాచూట్‌ను మైదానంలో పరచి వదిలివేయడం, కారు డిక్కీలో వేడికి మగ్గనివ్వడం, బ్యాటరీ ఆమ్లం సోకే చోట ఉంచడం తగని పనులు. ప్యాకింగ్ నీడన, శుభ్రమైన పరుపుపై జరుగుతున్నదా అని ఒకసారి చూసినా కేంద్రం క్రమశిక్షణ ఏపాటిదో తెలిసిపోతుంది.

మూడవ ప్రశ్న: స్వయంచాలక పరికరం పనిచేస్తున్నదా?

శిక్షకుడు స్పృహ తప్పితే? చేయి విరిగి పిడి అందకపోతే? ఈ ప్రశ్నలకు సమాధానం అరచేతిలో ఇమిడే ఒక చిన్న కంప్యూటర్. 1991లో జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ రూపొందించిన సైప్రెస్ ఈ రంగాన్నే మార్చివేసింది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తునూ వేగాన్నీ అది ఎడతెగక లెక్కిస్తుంది. ట్యాండెం జంట సుమారు 1,900 అడుగులకు దిగివచ్చినా ఇంకా పడిపోయే వేగంలోనే ఉంటే, రిజర్వు సంచిని మూసి ఉంచిన దారాన్ని తానే తెంపివేస్తుంది. ఒంటరి క్రీడాకారులకు ఆ ఎత్తు 750 అడుగులు.

అయితే పరికరం ఉండటమే చాలదు. దూకే రోజున ఆ మైదానంలోనే దానిని ఆన్ చేయాలి. లేకపోతే నేలమట్టం లెక్క తప్పుతుంది. దానికి నిర్వహణ గడువు ఉంటుంది, ఆయుర్దాయమూ ఉంటుంది. పైగా అది చివరి ఆసరాయే తప్ప శిక్షకుడి నైపుణ్యానికి ప్రత్యామ్నాయం కాదు.

ప్రయాణికుడి వంతు

ప్రయాణికుడు కూడా కొన్ని నియమాలు పాటించాలి. జలుబు, చెవి నొప్పి ఉన్నప్పుడు దూకరాదు. గుండె జబ్బు, వెన్నునొప్పి, మూర్ఛ, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి. గర్భిణులు దూకరాదు. బరువు దాచి చెప్పరాదు. పారాచూట్ పరిమాణం, పట్టీల బిగువు దానిపైనే ఆధారపడతాయి. ఉంగరాలు, గొలుసులు, సెల్‌ఫోన్ నేలమీదే వదిలివేయాలి. లేసులు బిగించిన బూట్లు వేసుకోవాలి.

తొడల పట్టీలు, భుజాల పట్టీలు, నడుము పట్టీ బిగుతుగా ఉండాలి. ఇద్దరినీ కలిపే కొక్కేలు నాలుగు. భుజాల వద్ద రెండు, నడుము వద్ద రెండు. దూకే ముందు శిక్షకుడు ఆ నాలుగింటినీ ఒక్కొక్కటిగా తాకి చూపాలి. చూపకపోతే అడగాలి. విమానం వదిలేటప్పుడు నడుమును ముందుకు వంచి విల్లులా ఉండాలి. భయంతో శిక్షకుడి చేతులు పట్టుకోరాదు. అతని చేతులు స్వేచ్ఛగా ఉంటేనే పిడి అందుతుంది. దిగేటప్పుడు చెప్పగానే కాళ్లు పైకెత్తి చాచాలి. ఎత్తడం మరచితే చీలమండలు దెబ్బతింటాయి.

గాలి ఎక్కువై, మబ్బు కమ్మి ఆ రోజు జంప్ రద్దయితే దానిని నష్టంగా భావించరాదు. రద్దు చేసిన నిర్వాహకుడు నమ్మదగినవాడు. డబ్బు వాపసు నియమాలు ముందే వ్రాతపూర్వకంగా తీసుకుంటే తొందరపెట్టవలసిన అవసరమే ఉండదు.

మన అనుభవం, మన లోటు

పారాచూట్ విద్య మనకు కొత్తది కాదు. 1941 అక్టోబర్ 15న కరాచీలో దూకిన సైనిక వైద్యుడు లెఫ్టినెంట్ ఎ.జి. రంగరాజ్, హవల్దార్ మేజర్ మథురా సింగ్‌లు భారత సైనికులలో తొలి పారాచూటిస్టులు. అదే సంవత్సరం కాన్పూరులో పారాచూట్ కర్మాగారం మొదలైంది. 2021లో ఆయుధ కర్మాగారాల పునర్వ్యవస్థీకరణతో అది గ్లైడర్స్ ఇండియా సంస్థగా మారింది. దేశ విభజన తరువాత వాయుసేన శిక్షణా పాఠశాల ఆగ్రాకు చేరింది. 1979లో అక్కడ తొలిసారి దూకిన రేచల్ థామస్ 2002లో ఉత్తర ధ్రువంపై ఏడు వేల అడుగుల నుంచి దూకారు. 2004లో శీతల్ మహాజన్ కూడా ఆ ఘనత సాధించారు. ఇద్దరినీ పద్మశ్రీ వరించింది. 2025 ఆగస్టు 24న శ్రీహరికోట సమీపాన గగన్‌యాన్ నమూనా కక్ష్యను హెలికాప్టర్ నుంచి జారవిడిచి పరీక్షించినప్పుడు దానిని క్షేమంగా దింపినవీ పారాచూట్లే. వాటి రూపకల్పనలో ఆగ్రాలోని డి.ఆర్.డి.ఓ. ప్రయోగశాల పాలుపంచుకున్నది.

ఇంతటి అనుభవం ఉన్న చోట కూడా ప్రమాదం పొంచి ఉంటుంది. 2025 ఫిబ్రవరిలో ఒకరు, ఏప్రిల్‌లో మరొకరు, ఇద్దరు వాయుసేన పారాజంప్ శిక్షకులు ఆగ్రాలో ప్రాణాలు కోల్పోయారు. తలపండిన నిపుణులకే తప్పని ముప్పు ఏమీ తెలియని పర్యాటకుడికి ఉండదని ఎవరు అనగలరు? అయినా ఈ క్రీడ విధిచేతిలో పెట్టవలసినది కాదు. 2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల జంప్‌లు జరగగా మరణించిన వారు 10 మంది. దశాబ్దాల క్రితం అక్కడ ఏటా పదుల సంఖ్యలో మరణాలు సంభవించేవి. ఆ తగ్గుదలకు ధైర్యం కారణం కాదు. మెరుగైన ఉపకరణాలు, ప్రతి ప్రమాదాన్నీ విశ్లేషించి బహిరంగంగా ప్రకటించే అలవాటు, అర్హత పత్రాలపై పట్టుదల కారణాలు.

మన దేశంలో పౌరులు దూకేందుకు విమానయాన అధికారుల అనుమతి తప్పనిసరి. అనుమతి మంజూరుతో బాధ్యత తీరిపోరాదు. పౌర రిగ్గర్లకు దేశంలోనే శిక్షణ, పరీక్ష, లైసెన్సు ఉండాలి. ఆగ్రా, కాన్పూరులలో జీవితాంతం పారాచూట్లు కుట్టి, మడిచి, పరీక్షించి విశ్రాంతి తీసుకుంటున్న చేతులు ఆ పనికి గురువులు కాగలవు. శిక్షకుడి రేటింగ్, రిజర్వు మడత తేదీ టిక్కెట్టుపైనే ముద్రించాలని నిబంధన పెట్టడానికి ప్రభుత్వానికి పైసా ఖర్చు లేదు.

అంతవరకు ఆ తనిఖీ ప్రయాణికుడే చేసుకోవాలి. శిక్షకుడి కార్డు, రిజర్వు కార్డు, స్వయంచాలక పరికరం చూడటానికి పది నిమిషాలు చాలు. చూపడానికి నిరాకరించిన చోట విమానం ఎక్కకుండా తిరిగి రావడమే మంచిది. కట్టిన డబ్బు పోయినా మళ్లీ సంపాదించుకోవచ్చు.