చీతాకు ధైర్యం చెప్పే కుక్క

శృంగేరిలో ఎండకు అల్లాడుతున్న నిండు చూలాలి కప్పకు పాము పడగ పట్టిందని, అది చూసే ఆదిశంకరులు అక్కడ పీఠం పెట్టారని చిన్నప్పుడు అమ్మమ్మలు చెబితే విన్నాం. పెద్దయ్యాక 'ఎక్కడన్నా ఉంటుందా?' అని నవ్వుకున్నాం కూడా. తీరా అమెరికా వచ్చాక అలాంటి ముచ్చటే ఒకటి మా చెవిన పడింది. కాలిఫోర్నియాలో చీతాకూ, కుక్కకూ స్నేహం!

మన పల్లెల్లో చిరుతపులి దిగిందంటే ముందు మాయమయ్యేది కుక్కే. చీతా వేరు, చిరుత వేరు అనుకోండి. అయినా అదీ పిల్లి జాతి మృగమే, దాని తిండీ మాంసమే. అలాంటిదాని పక్కన కుక్క హాయిగా తోక ఊపుకుంటూ పడుకోవడమేమిటి?

వేగం ఎక్కువ... ధైర్యం తక్కువ

గంటకు 60 మైళ్ళకు పైగా దూసుకుపోయే చీతాకు పోట్లాట మాత్రం చేతకాదు. సింహమో, హైనానో ఎదురైతే తాను కష్టపడి వేటాడిన జంతువును కూడా వదిలేసి తప్పుకుంటుంది. కాలికి దెబ్బ తగిలితే పరుగు లేదు, పరుగు లేకపోతే తిండి లేదు. అందుకే చిన్న చప్పుడైనా ఉలిక్కిపడుతుంది. ఇక జూలో జనం మధ్యకు తెస్తే దాని బెదురు చెప్పనే అక్కర్లేదు.

దీనికి శాన్‌డియాగో జూ వాళ్ళు 1980ల మొదట్లో ఓ ఉపాయం కనిపెట్టారు. అరుషా అనే చీతాకు ఆన్నా అనే గోల్డెన్ రిట్రీవర్ కుక్కను తోడిచ్చారు. కుక్కకు కొత్తవాళ్ళంటే భయం లేదు. అది నింపాదిగా ఉంటే దాన్ని చూసి చీతా కూడా 'ఫర్వాలేదన్నమాట' అనుకుంటుంది. ఆ తర్వాత మరికొన్ని జూలూ ఇదే బాట పట్టాయి. 2014లో శాన్‌డియాగో సఫారీ పార్కులో ఒక చీతా కూనకు రైనా అనే కుక్కపిల్లను జతచేశారు. కూన ముంగాళ్ళకు ఆపరేషన్ జరిగి కోలుకుంటున్నప్పుడు రైనా దాని పక్కనే ఉంది.

ఇదేమీ మంత్రం కాదు. రెండింటినీ పసిపిల్లలుగా ఉన్నప్పుడే, మనుషుల కాపలాలో మెల్లగా దగ్గర చేస్తారు. భోజనాల వేళ మాత్రం ఎవరి గది వాళ్ళదే. చీతా కుక్కను తినేస్తుందని కాదు, చీతా వాటా కూడా కుక్కే లాగించేస్తుందని!

పులి, మేక కథ

అన్ని స్నేహాలూ ఇంత సాఫీగా సాగవు. 2015లో రష్యాలోని ప్రిమోర్‌స్కీ సఫారీ పార్కులో అముర్ అనే పులికి ఆహారంగా తిమూర్ అనే మేకను వదిలారు. మేక బెదరలేదు, పులి ముట్టలేదు. రెండూ కలిసి తిరుగుతుంటే ప్రపంచమంతా ముచ్చటపడింది. రెండు నెలలకే, 2016 జనవరిలో, మేక ఆగడానికి విసిగిన పులి దాన్ని మెడ పట్టి విసిరికొట్టింది. దెబ్బలు తిన్న తిమూర్ 2019లో చనిపోయింది. పులి ఎప్పటికీ పులే. కుక్కను తోడిచ్చిన జూ వాళ్ళు కాపలా మానకపోవడానికి కారణం ఇదే.

మాకూ ఓ తోడు

చీతా సంగతి విన్నప్పుడు మా అపార్ట్‌మెంట్ తొలిరోజులు గుర్తొచ్చాయి. గుంటూరు నుంచి కొత్తగా దిగిన తమ్ముడొకడు పప్పుకు పోపు పెట్టాడు. ఎండుమిర్చి ఘాటుకు స్మోక్ అలారం గొల్లుమంది. పోలీసులొస్తారని, వీసా పోతుందని వాడు వణికిపోయాడు. మాలో అందరికంటే ముందొచ్చిన అన్న మాత్రం కుర్చీ ఎక్కి, టవల్‌తో పొగను విసిరి, దిగి వచ్చి 'అన్నం వడ్డించు' అన్నాడు. అంతే, వాడి వణుకు తగ్గింది.

ఈమధ్య పక్క ఫ్లాట్‌లో కొత్త కుర్రాళ్ళు దిగారు. మొన్న రాత్రి వాళ్ళ అలారం మోగింది. టవల్ పట్టుకుని ముందు పరుగెత్తింది మా గుంటూరు తమ్ముడే!