ఆ వేళకు నే నక్కడ లేను!

బాలలారా! రాజు, మంత్రి, దొంగ, పోలీసు అని చీటీలు వేసి ఆడే ఆట మీకు తెలుసు గదా. పోలీసు చీటీ వచ్చినవాడు ముఖాలు చూసి దొంగను పట్టాలి. ఇటువంటి ఆటలు ఇప్పుడు ఫోన్లలోకి వచ్చాయి. ఏలూరులో ఒకడూ, తాడేపల్లిగూడెంలో ఒకడూ, కైకలూరులో మరొకడూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని కలిసి ఆడుకోవచ్చు. 2018లో అమెరికాలో తయారై, 2020లో బడులు మూతపడిన రోజులలో లోకమంతా పాకిన 'అమాంగ్ అస్' అటువంటిదే. ఒక ఆకాశనౌకలో కొందరు పనివాళ్ళు. వాళ్ళ వేషంలోనే ఒకరిద్దరు ద్రోహులు. ఎవరైనా చచ్చిపడి వుండటం చూడగానే సభ చేరుతుంది. ఓట్లు వేసి ఒకరిని నౌక నుంచి గెంటివేస్తారు.

ఆ సభలో ప్రతివాడూ అనే మాట, "ఆ వేళకు నే నక్కడ లేను!" ఇంగ్లీషువారు దీనిని 'ఎలిబై' అంటారు. లాటిన్ భాషలో ఆ మాటకు 'మరొక చోట' అని అర్థం. న్యాయస్థానంలోనూ దీనికి విలువ వున్నది. కలకత్తాలో నేరం జరిగిననాడు ఆ మనిషి లాహోరులో వున్నాడనే సంగతిని 1872 నాటి సాక్ష్య చట్టం ఉదాహరణగా చూపింది. 2024 జూలై 1న అమలుకు వచ్చిన కొత్త చట్టంలో ఆ ఊళ్ళు చెన్నై, లడఖ్ అయినాయి.

లడఖ్ అంటే తేలికే. ఏలూరు, తాడేపల్లిగూడెం అయితేనో? దూరం యాభై కిలోమీటర్ల లోపు. రైలులో సుమారు గంట ప్రయాణం. ఏలూరులో సాయంత్రం 5 గంటలకు గొలుసు పోయిందనుకోండి. "7 గంటలకు నేను గూడెంలో వున్నాను, చూసినవారున్నారు" అని ఒకడంటే ఏం లాభం? 5కు గొలుసు తీసి, 6కు రైలు దిగి, 7కు గూడెం మార్కెట్లో ఉల్లిపాయలు బేరమాడవచ్చు! తెలిసినవారు 5 గంటల 10 నిమిషాలకు చూశామంటే మాత్రం వాడు దొంగ కాడు. రైలు టికెట్టు చూపిస్తే? టికెట్టు కొన్నాడని తెలుస్తుంది, రైలెక్కాడని తెలియదు. కాలము–దూరము లెక్కలు ఎందుకండీ అని నన్ను విసుక్కున్న పిల్లలు ఎందరో!

దూరంతో పాటు దారీ తెలియాలి. పూర్వం కొల్లేటి లంకలకు తాటిదోనెల మీద వెళ్ళేవారు. నక్షలో దగ్గరగా వున్న ఊరికే చాలాసేపు పట్టేది. ఆటలో ఇది తలకిందులు. నౌకలో ద్రోహులు దూరే గాలిగొట్టాలున్నాయి. ఇక్కడ మునిగి అవతలి గదిలో తేలతారు.

ముగ్గురు కలిసి "ఎర్రవాడే చేశాడు" అన్నారని ముగ్గురు సాక్షులనుకోకండి. "నువ్వు ఎక్కడ నుంచి చూశావు?" అని విడివిడిగా అడగండి. ఇద్దరు మొదటివాడి నోట విన్నామంటే సాక్షి ఒక్కడే.

ఇక నోరు మెదపని పిల్లవాడి సంగతి. వాడినే ముందు గెంటుతారు, పాపం! ఒంటరిగా పని చేసుకునేవాడిని ఎవరు చూస్తారు? చూసినవారు లేకపోవటం నేరానికి రుజువు కాదు. నేరం రుజువు చేసే భారం ఆరోపించినవారిదే.

ఆటలో గెంటబడినవాడు మరుసటి ఆటకు తిరిగి వస్తాడు. 2018 వేసవిలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని తెలుగునాట ఫోన్లలో పుకారు పాకింది. కొన్నిచోట్ల జనం గుంపులు కట్టి, ఏ పాపమూ ఎరుగని కొత్తవాళ్ళను కొట్టారు. కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. ఇటువంటివి దేశంలో ఇంకా చాలాచోట్ల జరిగాక, ఆ జూలైలో వాట్సాప్ కంపెనీ వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఐదు చోట్లకు మించి పంపకుండా మన దేశంలో కట్టడి పెట్టింది.