సుగ్గికి వెళ్లే మూటలో టీకా కార్డు

ఉగాది దాటిందంటే మా పిల్లల ఓ.పి.లో ఒక రకం కార్డులు ఎక్కువగా కనబడతాయి. పుట్టినప్పుడు వేసిన టీకాలు, ఆరో వారానివి వరుసగా రాసి ఉంటాయి. ఆ తరువాత గడులన్నీ ఖాళీ. బిడ్డకు చూస్తే ఎనిమిదో నెల నడుస్తుంటుంది. ఎందుకు తీసుకురాలేదమ్మా అని అడిగితే జవాబు ఒక్కటే: "సుగ్గికి పోయింటిమి మేడం."

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాల వారికి ఈ మాట వివరించనక్కరలేదు. వాన మొహం చాటేసిన ఏడాది పత్తి తీయడానికి, మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు కుటుంబాలే కదిలిపోతాయి. చంటిబిడ్డలూ వెంటే. టీకాకు డబ్బు అక్కరలేదు, నిజమే. కానీ ఆ రోజు కూలి పోతుంది, ఆటోకు ఇవ్వాలి, రాత్రి బిడ్డకు జ్వరం వస్తే మరునాటి పని కూడా పోతుంది. ఈ లెక్క మాకంటే ఆ తల్లులకే బాగా తెలుసు.

ఒకప్పుడు ఇలాంటి తల్లులను మేము కోప్పడేవాళ్లం. ఆ తిట్లకు భయపడి కొందరు మరో రెండు నెలలు ఆగిపోయారని తరువాత తెలిసింది. తప్పు మాది. ఇప్పుడు ముందు కూర్చోబెట్టి, తరువాతే కార్డు అడుగుతున్నాం.

అయినా ఒక మాట చెప్పక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 12 నుంచి 23 నెలల పిల్లల్లో సుమారు 76 శాతం మందికి ముఖ్యమైన టీకాలన్నీ పడ్డాయి. అయితే పడటం వేరు, వేళకు పడటం వేరు. కోరింత దగ్గు అందరికంటే ఎక్కువగా ప్రాణం తీసేది నెలల బిడ్డలనే. అంత చిన్న బిడ్డకు ఒక్కోసారి దగ్గు కూడా రాదు, ఊపిరే ఆగిపోతుంది. అందుకే పెంటావాలెంట్ టీకాను 6, 10, 14 వారాలకు పెట్టారు. పదో నెలలో వేయిస్తే టీకా పనిచేస్తుంది గానీ, గడిచిన ఆ నెలలన్నీ బిడ్డ రక్షణ లేకుండానే ఉన్నట్టు.

తట్టు సంగతీ అంతే. తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గిపోయే వేళకు, తొమ్మిది నెలలు నిండగానే, మొదటి ఎం.ఆర్. టీకా వేయించాలి. తట్టు అమ్మవారని వేపాకు కట్టి ఇంట్లో ఉంచుకునేవారు ఇంకా ఉన్నారు. తిండి చాలని బిడ్డకు దానివల్ల న్యుమోనియా, విరేచనాలు వస్తాయి. చూపు కూడా పోవచ్చు. ఆసుపత్రి మంచం మీద వారం రోజులుంటే సుగ్గిలో మిగిల్చిన డబ్బు ఏమవుతుందో చెప్పాలా?

కష్టకాలం వస్తే ఇలా జరుగుతుందని కరోనా రోజుల్లో లోకమంతా చూసింది. 2021లో ప్రపంచంలో దాదాపు 2.5 కోట్ల మంది పిల్లలకు కంఠసర్పి, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా మూడు మోతాదులూ పూర్తి కాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ప్రకటించాయి. 2022 చివర్లో ముంబయిలో, ముఖ్యంగా గోవండి వంటి ఇరుకు బస్తీలలో, తట్టు చెలరేగి చిన్నపిల్లలు చనిపోయారు.

ఆలస్యమైనవారికి మంచి మాట ఏమిటంటే, మళ్లీ మొదటినుంచి వేయించనక్కరలేదు. ఆగినచోటు నుంచే కొనసాగిస్తాం. పెంటావాలెంట్ మోతాదుల మధ్య కనీసం నాలుగు వారాలుంటే చాలు. దీని మొదటి మోతాదు మాత్రం ఏడాదిలోపు పడాలి. ఏడాది దాటాక మొదలుపెట్టే బిడ్డకు డి.పి.టి. వేస్తారు, అది ఏడేళ్ల వరకు వేయవచ్చు. ఎం.ఆర్. ఐదేళ్ల వరకు వేస్తారు. పుట్టిన 24 గంటల్లో వేసే హెపటైటిస్ బి మాత్రం తరువాత దిద్దుకోలేనిది. అందుకే కాన్పు గదిలోనే అడిగి వేయించుకోండి.

సుగ్గికి బయలుదేరేముందు మీ ఊరి ఆశా కార్యకర్తకో, ఏఎన్ఎంకో ఏ ఊరు వెళుతున్నారో, ఎన్నాళ్లుంటారో చెప్పండి. వెళ్లేలోగా పడవలసిన మోతాదు ఉంటే వేస్తారు. మిగిలినవి అక్కడి ప్రభుత్వ ఆసుపత్రిలోనో, అంగన్‌వాడీలో టీకాలు వేసే రోజునో వేయించుకోవచ్చు. మన ఊరివారు కాదని ఎవరూ పంపించెయ్యకూడదు, డబ్బు అడగకూడదు. కార్డు మాత్రం బియ్యం సంచిలో కాకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి బట్టల మూటలో వేసుకోండి. పోయినేడు ఒక అవ్వ ఎలుకలు కొరికిన కార్డు తెచ్చింది, సగం తేదీలు మా రిజిస్టరు చూసి రాయవలసి వచ్చింది. సెల్‌ఫోనులో ఫోటో తీసి ఉంచుకుంటే ఇంకా మేలు.

టీకా వేశాక అరగంట అక్కడే ఉండాలి. జ్వరం వస్తే పారాసిటమాల్ చుక్కలు బరువును బట్టి ఎంత వేయాలో నర్సు రాసిస్తుంది. మామూలుగా రెండు రోజుల్లో తగ్గిపోతుంది. మామూలు జలుబు ఉన్నా టీకా వేయించవచ్చు, వాయిదా వెయ్యకండి.

ఈసారి సుగ్గి నుంచి వచ్చినవారు బిడ్డనూ కార్డునూ తీసుకొని నేరుగా పిల్లల ఓ.పి.కి రండి. కార్డు పోయినా సరే, రండి.