పాత పోర్షే వెనుక తలుపు

మనవారు డిక్కీ యని వ్యవహరించు సామానుపెట్టెకు సామాన్యమైన కారులో ఒక ఇనుపరేకు మూత ఉండును. అది సొట్టపడినను, తుప్పుపట్టినను, రేకుపని తెలిసినవాడు సుత్తెతోను వెల్డింగుతోను దానిని బాగుచేయగలడు. 1976లో విపణికి వచ్చిన పోర్షే 924 మొదలుకొని, దాని అనంతరము వెలసిన 944, 1995లో ముగిసిన 968 వరకు గల జర్మనీ స్పోర్ట్సు కార్ల సంగతి వేరు. వానికి పైకప్పు చివరనుండి తోకదాక ఏటవాలుగ దిగుచు, ఇరుప్రక్కలకు వంపు తిరిగిన విశాలమైన గాజే వెనుక తలుపు. ఆ గాజునకును, దానిని మోయు సన్నని లోహపు చట్రమునకును నడుమ చుట్టును పూసిన జిగురే బంధము. ముప్పది నలుబది యేండ్ల యెండవానలకు ఆ జిగురు సారముడిగి, గాజు చట్రమునుండి వేరుపడుటయే ఈ కార్ల యజమానులందరు ఎరిగిన వ్యాధి.

ఈ వేరుపాటు ఒక్కనాటితో జరుగునది కాదు. తలుపు దిగువ మూలలయందలి రెండు ఇనుప చీలలు, మూసినప్పుడు, కారు దేహములోని గొళ్ళెములలో దిగి పట్టుబడును. చీలల ఎత్తును నట్టు సడలించి సరిచేసికొనవచ్చును; అవి సమముగ లేనిచో, ఒక ప్రక్క గొళ్ళెము విడిచినను రెండవ ప్రక్కది విడువక, తలుపెత్తబోయినవాని చేతిబలమంతయు చట్రమును మెలిపెట్టును. వంగుట చట్రమునకు తెలియును గాని గాజునకు తెలియదు. ఆ రెంటి నడుమ నలిగిపోవునది జిగురు. తొలుత మూలయందు వెండ్రుకవాసి సందు ఏర్పడును. వాననీరు ఆ సందున దిగి తివాచీ క్రింద చేరి, అదనపు చక్రముండు గుంటలో నిలిచి, యజమాని ఎరుగకయే బూజునకు తావిచ్చును.

వేరొక తలుపును వెదకువారికి ఒక అనుకూలము కలదు. 924 ఆదియందు ఫోక్స్‌వాగన్ సంస్థకొరకు పోర్షే రూపొందించిన కారు. ఆ సంస్థ వలదనగా పోర్షేయే దానిని గైకొని, నెకర్‌సుల్మ్ నగరమందలి ఆడి కర్మాగారమున నిర్మింపజేసెను. ఆ దేహమే ఆధారముగ 944యు, పిదప 968యు పుట్టుటచే, వెనుక తలుపు మూలాకృతి ఇరువది యేండ్లపాటు మారలేదు. 944 కార్లే లక్షా అరువది వేలకు పైగా తయారైనవి గనుక, జర్మనీలోను, అమెరికాలోను పాత కార్లను విడగొట్టి అమ్మువారి దొడ్లలో ఈ తలుపులు నేటికిని దొరకుచున్నవి.

అయినను, ఆకృతి యొక్కటియే యని నమ్మి సొమ్ము చెల్లింపరాదు. కొన్ని తలుపుల గాజునకు వైపరు కొరకు రంధ్రముండును, కొన్నిటికి ఉండదు. రంధ్రమున్న గాజును వైపరు లేని కారునకు తెచ్చినవాడు దానిని రబ్బరు బిరడాతో మూసికొనవలసి వచ్చును. తొలినాటి 924లకు లేని రబ్బరు స్పాయిలరు 944లకు గాజు అంచున చుట్టుకొనియుండును. వీనికంటె ముఖ్యమైనది వేరొకటి: దొడ్డిలోని తలుపు జిగురుకూడ మన తలుపు జిగురంత పాతదే. అమ్మువాని ఛాయాచిత్రములో అది చక్కగనే కనబడును; మూలమూలను వ్రేలితో నొక్కి, గాజు చట్రము కలసి కదలుచున్నవో, విడివిడిగ కదలుచున్నవో చూచినగాని నిజము తెలియదు.

అందుచేత, గాజు పగులక, చట్రము తుప్పుపట్టక యున్నంతవరకు, మన తలుపునే తిరిగి అతికించుకొనుట మేలని నా నిశ్చితాభిప్రాయము. సన్నని తీగతో పాత జిగురును కోసి, రెండు అంచులను శుభ్రపరచి, ప్రైమరు పూసి, కార్ల ముందు అద్దములను అతుకు యురెథేను జిగురుతో కూర్చవలెను. చట్రము తన సహజమైన వంపును తప్పకుండునట్లు చూచి, జిగురు గట్టిపడువరకు దానిని కదల్పరాదు. ఈ ఓపిక లేనివారి పని మరల విడిపోవును.

తలుపు చుట్టునుండు రబ్బరు బీడింగును, తలుపును నిలిపియుంచు గ్యాసు స్ట్రట్లను మాత్రము క్రొత్తవే కొనవలెను. పాత రబ్బరు కొనుట సొమ్ము దండుగ. పాత కార్లకు విడిభాగములు సమకూర్చుటకు పోర్షే క్లాసిక్ అను విభాగమే కలదు. బీడింగు మార్చిన పిదప దానిపై సుద్దపొడి పూసి తలుపు మూసి తెరచినచో, పొడి అంటిన చోటులు తలుపు ఎక్కడ ఆనుచున్నదో, ఎక్కడ ఆనకున్నదో చెప్పును. అటుపిమ్మటనే చీలలను సరిచేయవలెను. మూయునపుడు ఒక మూలను పట్టి విసరక, రెండు అరచేతులతో ఇరువైపుల సమముగ నొక్కవలెను.

కార్లను విడగొట్టి అమ్మువారికి నాదొక్క విన్నపము: గాజు పగిలినదని చట్రమును, చట్రము చెడినదని గాజును తుక్కులో వేయకుడు. ఒకరి చట్రమునకు మరియొకరి గాజు చేరి ఒక తలుపు పూర్తియగును.