మబ్బుల ఊళ్లో కొసరు బేరం

ఆ హాస్టల్ మేడ మెట్లు ఇరవై రెండు. ఎలా తెలుసంటారా? మధ్యలో రెండుసార్లు కూర్చుని, లెక్కపెట్టుకుంటూ ఎక్కాను మరి! ఇంట్లో గ్యాస్ బండ నేనే దొర్లించుకొచ్చేదాన్ని. అక్కడ చేతిసంచీతో నాలుగు మెట్లెక్కేసరికి గుండె దడదడలాడింది. బొలీవియాలోని లాపాజ్ నగరం సముద్ర మట్టానికి దాదాపు 3,600 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల కొండల్ని మూడు ఒకదానిమీద ఒకటి పేర్చినా అంత ఎత్తు రాదు.

2019లో మావారికి ఆఫీసు పనిమీద పెరూ రాజధాని లీమాలో రెండు నెలలు ఉండాల్సొచ్చింది. ఆగస్టులో పిల్లల్ని అత్తయ్యగారికి అప్పజెప్పి నేనూ వెళ్లాను. పెళ్లయిన పదిహేనేళ్లలో మేమిద్దరమే కలిసి ఒక ఊరు చూడటం అదే మొదలు. తిరుపతి వెళ్లినా విశాఖ వెళ్లినా వెంట పది మంది, పులిహోర డబ్బాలు ఉండాల్సిందే కదా! పక్క దేశమేగా, లాపాజ్ చూసొద్దామని మావారు అనగానే ఎగిరి గంతేశాను. ఒక్కటే షరతు. గది అద్దె కాకుండా రోజుకి ఇద్దరికీ కలిపి 200 బొలీవియానోలు దాటకూడదు. అప్పటి లెక్కలో ఒక బొలీవియానో అంటే మన పది రూపాయలు. పర్సు నా చేతికిచ్చారు. మాట మీద నిలబెట్టే బాధ్యత కూడా!

చేరిన రాత్రే నా తెలివి బయటపడింది. హాస్టల్ వంటింట్లో గిన్నె పెట్టి, నేను మోసుకెళ్లిన కందిపప్పు పడేశాను. గంటన్నర కుతకుతా ఉడికింది కానీ పలుకు పలుకులాగే ఉంది. అంత ఎత్తులో నీళ్లు 88 డిగ్రీలకే మరిగిపోతాయట. కుక్కర్ లేనిదే పప్పు మెత్తబడదు. ‘అమ్మగారి పప్పు రేపటికి ఉడుకుతుందిలే’ అని మావారు బిస్కెట్లు తిని పడుకున్నారు.

తెల్లారి గురువారం. ఆ రోజు నేను నీచు ముట్టను. కోకా ఆకులు వేసిన వేడి టీ తాగి బయల్దేరాం. అక్కడ ఆ ఆకులకి చట్టం అడ్డురాదు. కొండగాలికి తలనొప్పి రాకుండా అందరూ తాగేదే. గుర్తుగా తెచ్చుకుందామని మాత్రం సంచీలో వేసుకోకండి, మన దేశంలో జైలుకే! రోడ్డు మీదికి వచ్చేసరికి మినీబస్సుల్లోంచి తలలు బయటపెట్టి ఊళ్ల పేర్లు అరుస్తున్నారు. మన షేర్ ఆటోల గోలే. నాకు ప్రాణం లేచొచ్చింది.

శాన్ ఫ్రాన్సిస్కో చర్చి పక్కనే లాన్సా మార్కెట్. పళ్లరసాల అంగళ్లన్నీ ఆడవాళ్లవే. గుండ్రటి నల్ల టోపీ, రెండు పొడుగు జడలు, కుచ్చుల కుచ్చుల లంగాలు, వీపుకి కట్టిన రంగుల దుప్పటి. వీళ్లని చోలీటాలంటారు. నేను బొప్పాయి రసం తాగి గ్లాసు కింద పెట్టేలోపే ఆమె మిక్సీలో మిగిలింది మళ్లీ నా గ్లాసులో పోసేసింది. డబ్బెంతని కంగారుగా పర్సు తీశాను. ఆమె నవ్వి ‘యాపా’ అంది. అంటే కొసరండీ! మన కూరలమ్మి రెండు పచ్చిమిరపకాయలూ, ఓ కరివేపాకు రెమ్మా వేసినట్టే. అమ్మే మనిషీ కొనే మనిషీ ఒకరినొకరు ‘కసేరా’ అని పిలుచుకుంటారు. వాడుక మనిషి అన్నమాట. ఆమె నా నొసటి బొట్టు వైపు చూపిస్తే, నేను ఆమె టోపీ వైపు చూపించాను. ఇద్దరికీ భాష రాదు. నవ్వుకోవడానికి అడ్డేముంది?

ఆ వేషానికి పెద్ద కథే ఉంది. లంగాలు స్పెయిన్ పాలన రోజుల నుంచి వచ్చినవి. చాలాకాలం ఆ లంగా కట్టిన ఆడవాళ్లని పెద్ద హోటళ్లలోకి, కొన్ని బస్సుల్లోకి కూడా రానిచ్చేవారు కాదట. 1989లో రెమెడియోస్ లోసా అనే ఆవిడ అవే లంగాలతో, అదే టోపీతో పార్లమెంటుకి ఎన్నికైంది. ఆ వేషంలో అక్కడ అడుగుపెట్టిన మొదటి మహిళ ఆవిడే. మేం వెళ్లిన ఏడాది జనవరిలోనే చోలీటాలు కుచ్చుల లంగాలతోనే 6,961 మీటర్ల అకాంకాగ్వా శిఖరం ఎక్కారు. సంతకెళ్లడానికి చీరా, చుడీదారా అని అరగంట ఆలోచించే నాకు ఇది చదివినప్పుడు కొంచెం సిగ్గేసింది.

మురీయో కూడలిలో పార్లమెంటు గడియారం ముళ్లు వెనక్కి తిరుగుతూ కనబడ్డాయి. 2014లో అలా మార్చారు. ఒక ఫొటో తీసుకున్నాం. మంత్రగత్తెల బజారులో ఎండబెట్టిన లామా పిండాలు వేలాడదీశారు. కొత్త ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో పాతిపెట్టి భూదేవిని, అంటే పచమామని, శాంతింపజేస్తారట. మనం గుమ్మడికాయ కొట్టమూ? అయినా నా కళ్లు అటు నిలవలేదు. పక్క కొట్లో మావారికి ఉన్ని మఫ్లర్ 40కి బేరమాడి, వద్దంటున్నా మెడకి చుట్టేశాను.

మధ్యాహ్నం రోప్‌వే ఎక్కాం. ఆ ఊరికి సిటీ బస్సులాంటిదది. 2014లో మొదలైంది. టికెట్ అప్పట్లో 3 బొలీవియానోలు. ఎర్ర లైను పెట్టె స్మశానం మీదుగా, ఇటుకల ఇళ్ల మీదుగా పైకి తేలిపోతుంటే కింద డాబాల మీద ఆరేసిన బట్టలన్నీ కనబడ్డాయి. దూరంగా ఇల్యిమాని మంచుకొండ. దిగింది ఎల్ ఆల్టోలో, 4,000 మీటర్ల పైన.

గురు, ఆదివారాలు అక్కడ పెద్ద సంత. మరమేకుల నుంచి పెళ్లిబట్టల దాకా దొరకనిది లేదు. రాత్రి మంచులో గడ్డకట్టించి, కాళ్లతో తొక్కి ఎండబెట్టిన బంగాళదుంపలు రాశులు పోశారు. ‘చున్యో’ అంటారు, ఏళ్ల తరబడి పాడవదట. మన వడియాలకి పెద్దమ్మ! నేను వాటిని చేత్తో పట్టి చూస్తూ వెనక్కి తిరిగితే, మావారు లేరు.

పది అడుగుల అవతల గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నారు. మొహం తెల్లగా పాలిపోయింది. ‘ఏం లేదు, తలనొప్పి అంతే. చోలీటాల కుస్తీ చూసే వెళ్దాం’ అంటూ లేవబోయి మళ్లీ కూలబడ్డారు. నా చేతులు చల్లబడ్డాయి. తెలిసిన నలుగురు స్పానిష్ ముక్కలూ మర్చిపోయాను. మొక్కజొన్న పానీయం అమ్మే ఒక పెద్దావిడ నా అవస్థ చూసింది. తను కూర్చున్న బల్ల ఖాళీ చేసి ఆయన్ని కూర్చోబెట్టింది. ఊదారంగు ‘ఆపి’, వేడివేడిగా, దాల్చినచెక్క వాసనతో ఇచ్చింది. తర్వాత నా భుజం తట్టి, వేలితో కిందకి, రోప్‌వే వైపు చూపించింది. దిగిపొమ్మని.

‘పదండి, దిగుదాం’ అన్నాను.

‘ఇంత దూరం వచ్చి...’

‘పర్సు నా దగ్గరుంది. కుస్తీ టిక్కెట్లు నేను కొనను.’

పదిహేనేళ్లలో ఎప్పుడూ అలా అనలేదు నేను. ఆయన మారుమాట లేకుండా నా చెయ్యి పట్టుకున్నారు. లేవబోతుంటే పెద్దావిడ ఆగమని సైగ చేసి, ఖాళీ గ్లాసులో మళ్లీ సగం ఆపి పోసింది. యాపా.

కిందికి దిగి గంటయ్యేసరికి మొహంలో రంగు వచ్చింది. గదిలో మఫ్లర్ మెడలోనే ఉంచుకుని నిద్రపోయారు. నేను కిటికీ దగ్గర కూర్చుని లెక్క రాసుకున్నాను. కొండవాలంతా దీపాలు వెలుగుతుంటే ఆకాశమే తిరగబడి కింద పడ్డట్టుంది. ఎనిమిదింటికి కళ్లు తెరిచి, ‘ఎంత మిగిలింది?’ అన్నారు.

‘ఎనభై మూడు.’

‘అయితే రేపు ఇంకో కుక్కర్ లేని వంట చెయ్యకు’ అన్నారు.