కాల్చకుండా వదిలిన చోటు

బారామతిలో పుట్టిన కుమార్ పటేల్ అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో 1964లో కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ను తయారుచేశారు. అప్పటికి ఆయన పాతికేళ్ల కుర్రాడు. గొట్టంలో కార్బన్ డయాక్సైడ్‌కు తోడుగా నైట్రోజన్, హీలియం ఉంటాయి. కరెంటు పారితే ముందు నైట్రోజన్ అణువులు ఆ శక్తిని అందుకుని కార్బన్ డయాక్సైడ్‌కు అప్పజెబుతాయి. అక్కణ్ణుంచి 10.6 మైక్రాన్ల పరారుణ కిరణం బయటికొస్తుంది. అది కంటికి కనబడదు. క్లినిక్కులో చర్మం మీద కదిలే ఎర్ర చుక్క గురి చూసుకోడానికి పెట్టిన వేరే దీపం.

ఈ కిరణాన్ని నీరు ఇట్టే పీల్చుకుంటుంది. చర్మంలో నీటికి కొదవ లేదు గనక కిరణం తగిలిన కణాలు అక్కడికక్కడే ఆవిరైపోతాయి. 1990ల్లో డాక్టర్లు దీన్ని ముఖమంతా పట్టించి మొటిమల గుంటలు చదును చేశారు. గుంటలు తగ్గిన మాట నిజమే. కానీ రెండు వారాలపాటు రసి కారేది, నెలల తరబడి ఎరుపు పోయేది కాదు, కొందరికి ఏడాది తిరిగాక తెల్లమచ్చలు తేలేవి.

దారి చూపింది హార్వర్డ్‌కు చెందిన మాన్‌స్టైన్, ఆండర్సన్ బృందం. 2004లో వాళ్లు వేరే రకం లేజర్‌తో చర్మంలో వెంట్రుకంత సన్నటి చోట్ల మాత్రమే వేడి దించి, చుట్టూ ఉన్నదాన్ని వదిలేశారు. మామిడి తోటకు గుంతలు తవ్వినట్టే: గుంతకూ గుంతకూ నడుమ నేల కదలదు. ఆ కదలని చోటి నుంచి కొత్త కణాలు పాకి, గాయం ఒకటి రెండు రోజుల్లోనే పైన మూసుకుంటుంది. లోపల మాత్రం నెలల తరబడి కొత్త కొల్లాజెన్ పడుతూనే ఉంటుంది. పటేల్ లేజర్‌కూ తర్వాత ఇదే పద్ధతి నేర్పారు. అరవై ఏళ్ల ఈ యంత్రం కథలో అసలు తెలివి ఇక్కడే ఉందంటాను.

ఈ లేజర్‌ను చారలకూ వాడతారు. కాన్పు తర్వాత పొట్ట మీద, ఒక్కసారిగా పొడుగు సాగిన పిల్లల నడుం మీద పడే చారలు పైపై మచ్చలు కావు. లోపలి పొరలో కొల్లాజెన్, ఎలాస్టిన్ పోగులు దెబ్బతింటాయి. కొబ్బరినూనె దురదకు మంచిదే గానీ తెగిన పోగును అతకదు. చార ఎర్రగా ఉన్నప్పుడు వైద్యానికి కాస్త లొంగుతుంది, తెల్లబడ్డాక మొండికేస్తుంది. మెత్తబడుతుంది, పలచబడుతుంది, అంతే. మాయం చేస్తామన్న బోర్డును నమ్మక్కర్లేదు.

మన చామనఛాయకు ఇంకో చిక్కుంది. వేడి ఎక్కువైతే చర్మం నల్లగా కములుతుంది. అందుకే చాలామంది డాక్టర్లు చర్మాన్ని సన్నటి సూదులతో గుచ్చే పద్ధతి వైపు మొగ్గుతారు. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. కామిరాండ్, డూసే అనే కెనడా డాక్టర్లు తెల్లబారిన మచ్చల్లో పచ్చబొట్టు మిషన్‌తో చర్మం రంగు నింపారు. ఒకటి రెండేళ్లకు ఆ రంగు పోయింది, దాని స్థానంలో చర్మం సొంత రంగే తిరిగొచ్చింది, గరుకూ తగ్గింది. రంగు లేకుండా ఉత్త సూదే చాలునని 1997లో ప్రకటించారు.

రేణిగుంట వాళ్లు లేజర్ వైద్యానికి తిరుపతి వెళ్తే దూరం పది కిలోమీటర్లే. చర్మాన్ని మొద్దుబార్చే క్రీము రాసి దాదాపు గంట కూర్చోబెడతారు, కళ్లకు కవచం కడతారు. చిటపటమనే చప్పుడు, కాలిన వెంట్రుకల వాసన. మర్నాటికి వరసగా గోధుమరంగు చుక్కలు తేలి, ముఖమైతే వారంలో రాలిపోతాయి. పొట్ట మీద ఇంకాస్త ఆలస్యం. నెలకో సారి చొప్పున ఇలా కొన్ని సార్లు. గాయం మానేటప్పుడు మచ్చ గడ్డలా ఉబ్బే ఒళ్లున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. ముఖానికో చేతికో చేయించుకుని మే నెల మధ్యాహ్నం బైకెక్కి ఎండలో రేణిగుంటకు తిరిగొస్తే, లేజర్ తగ్గించిన మచ్చ స్థానంలో ఎండ ఇంకో మచ్చ వేస్తుంది. అపాయింట్‌మెంట్ సాయంత్రానికి అడగండి, లేదా చలికాలం దాకా ఆగండి.