‘కొంచెమేలే, ఏం కాదు’

మా హోటల్లో రేపు పొద్దున ఎవరికి ఏం పెట్టగలమన్నది ఇవాళ మధ్యాహ్నం రెండింటికే తేలిపోతుంది. మినప్పప్పు నానబోసేది అప్పుడే. సాయంత్రం ఆరు దాటాక గ్రైండరు తిరుగుతుంది. ఎనిమిదింటికల్లా ఉప్పు కలిపిన పిండి పెద్ద తపేలాల్లో పులవడానికి కూర్చుంటుంది. ఎండాకాలంలో అర్ధరాత్రికే పొంగి మూత ఎత్తేస్తుంది. డిసెంబరు, జనవరుల్లో పొయ్యి పక్కన పెట్టి గోనెపట్టా కప్పితే గానీ తెల్లారేసరికి అందుకోదు. చట్నీకి చెనక్కాయ గింజలు రాత్రే వేయించి పొట్టు తీసి పెట్టుకుంటాం. సాంబారుకు కందిపప్పు తెల్లవారుజామున నాలుగున్నరకు ఉడుకుతుంది.

పొద్దున ఏడున్నరకు హాల్లో టేబుళ్లన్నీ నిండి, దోసె మాస్టరు ముందు చీటీలు వరసకట్టిన వేళ ఒకరొస్తారు. “మేడం, మా బాబుకు గోధుమ పడదు, మా అమ్మకు ఉప్పు తగ్గించాలి, నాకు పాలు వద్దు. ఏం చేసిపెడతారు?” అంటారు. ఆ నిమిషంలో మేం చేసిపెట్టగలిగింది దాదాపు ఏమీ ఉండదు. చెప్పగలిగింది మాత్రం చాలా ఉంటుంది.

మాది సూళ్లూరుపేట. కింద టిఫిన్ హోటలు, పైన పన్నెండు గదులు. ఇక్కణ్ణించి చెన్నై ఎనభై కిలోమీటర్ల పైచిలుకు. శ్రీహరికోటకు పులికాట్ సరస్సు మధ్యలోంచి వేసిన రోడ్డు మీద పోవాలి. చిల్కా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. అక్టోబరు నుంచి మార్చి దాకా సరస్సులో రాజహంసలు, నేలపట్టు చెరువు చెట్ల మీద గూడబాతులు, వాటి వెనకే మెడలో కెమెరాలతో మనుషులు. రాకెట్ ఎగిరే రోజైతే గదులు దొరకవు. శ్రీసిటీ ఫ్యాక్టరీల పని మీద జపాన్, కొరియా వాళ్లు దిగుతారు. చెంగాళమ్మ గుడికి వచ్చేవాళ్లు, తిరుమల కొండ దిగి ఇటు మళ్లేవాళ్లు సరేసరి. 2025 జనవరి 18 నుంచి 20 దాకా ఫ్లెమింగో పండగ జరిగినప్పుడు ఊళ్లో ఏ టిఫిన్ హోటల్లోనూ కాలు పెట్టే చోటు లేదు. అంతమంది తినేవాళ్లు ఉన్నచోట ‘ఇది తినను, అది పడదు’ అనేవాళ్లు ఉండకుండా ఎలా ఉంటారు?

నియమాలు మాకు కొత్త కాదు

చిన్న హోటళ్లకు పత్యాలూ పట్టింపులూ తెలియవంటే నేను ఒప్పుకోను. వెంకటేశ్వరస్వామికి శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లు మా జిల్లాలో ఇంటికొకరు. అన్నం ముట్టరు, టిఫిన్‌తో సరిపెట్టుకుంటారు. కొందరికి ఇడ్లీ పర్వాలేదు. కొందరు ‘అదీ బియ్యమే కదమ్మా’ అని గోధుమరవ్వ ఉప్మా అడుగుతారు. మా అత్తగారు హోటలు నడిపిన రోజుల నుంచీ శనివారం ఆ ఉప్మా ఉండి తీరాలి.

కార్తీకంలో మాలలు వేస్తే మా వంటింటి పద్ధతే మారిపోతుంది. ఉల్లి, వెల్లుల్లి లేని సాంబారు వేరే గిన్నెలో కాగుతుంది. ఎగ్ దోసె పోసిన పెనం మీద స్వాములకు దోసె వేయం, దానికి రెండో పొయ్యి, రెండో పెనం, రెండో అట్లకాడ. జనవరి మధ్యలో మకరజ్యోతి అయ్యేదాకా అంతే. శబరిమల పోయే బస్సు తెల్లారి మా ముందు ఆగితే, దిగేవాళ్లు ‘వేరే పెనమేనా?’ అని కూడా అడగరు. చేస్తామన్న నమ్మకం.

ఇదంతా ఏ చట్టమూ చేయించలేదు. నియమం ఏమిటో వంటమనిషికీ తెలుసు, గిన్నెలు కడిగే పిల్లకీ తెలుసు. ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో పంచాంగం చెబుతుంది. పైగా వచ్చేది ఒకరిద్దరు కాదు, బస్సు నిండా. కాబట్టి రెండో పొయ్యి గ్యాసు ఖర్చు గిట్టుతుంది. ఇప్పుడు కొత్తగా వస్తున్న పత్యాలకు ఈ మూడింటిలో ఒక్కటీ లేదు. ఆ పేరే మా మాస్టరు విని ఉండడు, ముందు కబురు ఉండదు, వచ్చేది ఒక్క మనిషి. మా దగ్గర ప్లేటు ఇడ్లీ నలభై రూపాయలు. ఒక్కరి కోసం కొర్రల పొంగలి విడిగా చేయాలంటే రద్దీ వేళలో ఒక మనిషి అరగంట అక్కడే నిలబడాలి. ఆ అరగంట ఖరీదు ఆ పొంగలి మీద వేస్తే ఎవరూ కొనరు, వేయకపోతే మాకు నష్టం.

ఇంగువ డబ్బా వెనక ఏం రాసి ఉంది?

పోయిన చలికాలం ఉత్తరాది నుంచి పక్షులు చూడ్డానికి వచ్చిన ఒకావిడ మధ్యాహ్నం గదిలో సామాను పెట్టగానే కిందికి దిగొచ్చింది. తనకు సీలియాక్ జబ్బు ఉందని, గోధుమ పిండి పిసరంత తగిలినా పేగులు దెబ్బతింటాయని చెప్పింది. “ఇడ్లీలో గోధుమ ఉండదు మేడం, సాంబారులో కూడా ఉండదు” అన్నాడు మాస్టరు. ఆవిడ నవ్వి, ఇంగువ డబ్బా ఒకసారి చూపించమంది. “ఇంగువలో గోధుమేంది మేడం?” అంటూనే తెచ్చిచ్చాడు. డబ్బా తిప్పి చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది. గోధుమ పిండి, జిగురు, ఆ తర్వాతే ఇంగువ. మనం కొనే పొడి ఇంగువ చాలావరకు ఇలాంటిదే. అసలు ఇంగువ చెట్టు వేరు నుంచి కారే పాలు, ఘాటు ఎక్కువని పిండి కలిపి అమ్ముతారు. కొన్నిట్లో బియ్యప్పిండి కలుపుతారు, కొన్నిట్లో గోధుమ పిండి. మర్నాడు ఆవిడ ఇడ్లీ తింది, ఇంగువ లేని పోపు పెట్టిన కొబ్బరి చట్నీతో. సాంబారు జోలికి పోలేదు. మాకు అదనంగా ఖర్చయింది ఒక గరిటెడు పోపు.

సీలియాక్ ఉన్నవాళ్లకు గోధుమ, బార్లీలలో ఉండే గ్లూటెన్ అనే ప్రొటీన్ లోపలికి పోతే, ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఎదురుతిరిగి చిన్నపేగు లోపలి పొరనే పాడుచేస్తుంది. మందు లేదు, జీవితాంతం మానడమే. ఉత్తరాది, ఈశాన్యం, దక్షిణాది ప్రాంతాలను పోల్చి 2016లో వెలువడిన ఒక అధ్యయనం ఉత్తరాదిన వందలో ఒకరికి కాస్త పైన, దక్షిణాదిన వెయ్యిలో ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు తేల్చింది. మా మాస్టరు దాని పేరు వినకపోవడంలో వింతేమీ లేదు. అయినా చూడండి, శనివారం ఒకరి ఒక్కపొద్దు నిలిపే గోధుమరవ్వే ఆదివారం ఇంకొకరికి విషం.

మనకు గోధుమ అనిపించని చోట్ల కూడా గోధుమ ఉంటుంది. దోసె కరకరలాడాలని పిండిలో గుప్పెడు బొంబాయిరవ్వో మైదానో వేసే హోటళ్లున్నాయి. మైసూరు బోండా అంతా మైదానే. వడలో మైదా లేకపోయినా, పూరీ వేగిన నూనెలోనే వడ వేగుతుంది. పెసరట్టు పెసలతోనే చేసినా, రవ్వ దోసె పోసిన పెనం మీదే పోస్తాం.

వేరుశనగ సంగతి ఇంకా గట్టిది. రాయలసీమ చెనక్కాయల సీమ. చట్నీలో అదే, కారప్పొడిలో అదే, కొన్ని ఇళ్లల్లో వంటనూనె కూడా అదే. వేరుశనగ ఎలర్జీ మన వైపు అరుదు గానీ, ఉన్నవాళ్లకు నిమిషాల్లో గొంతు వాచి ఊపిరాడకుండా పోవచ్చు. ఫ్యాక్టరీలో బాగా శుద్ధి చేసిన నూనెలో ప్రొటీన్ దాదాపు మిగలదు, గానుగ నూనెలో మిగులుతుంది. ఆరోగ్యానికి మంచిదని మేం గానుగ నూనెకు మారితే, ఆ ఒక్కరికి అదే ముప్పు. కొబ్బరి చట్నీ అడిగినా, చెనక్కాయ చట్నీలో పెట్టిన గరిటే దాన్లోనూ పెడితే ఏం లాభం? ఇక పులికాట్ రొయ్యలు, పీతలు పడనివాళ్లు పొద్దుటి టిఫిన్‌కు భయపడక్కర్లేదనుకుంటారు. మా వైపు ఇడ్లీతో చేపల పులుసు పెట్టే హోటళ్లున్నాయి. రాత్రి రొయ్యలు వేగిన మూకుడు పొద్దున దేనికి వాడారో కనుక్కోవాలి.

ఎక్కువమంది వచ్చేది షుగర్‌తో. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం ఉన్నట్టు ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో లెక్కతేల్చింది. మా హాల్లో ఏ పూట చూసినా ఒకరిద్దరుంటారు. వాళ్లకు మేం వేరే వంట చేయక్కర్లేదు. రెండిడ్లీ తగ్గించి సాంబారు, పెసరట్టు తినొచ్చు, సెనగ గుగ్గిళ్లు ఉంటే ఇంకా మేలు. కాఫీలో చక్కెర ఆపగలం, డికాషన్, పాలు, చక్కెర వేటికవి ఉంటాయి. టీలో ఆపలేం, అది చక్కెరతో కలిసే మరుగుతుంది. వాళ్లకు అసలు చిక్కు వేళతో. ఇన్సులిన్ వేసుకుని తినడం ఆలస్యమైతే చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. పక్షుల కోసం ఐదున్నరకు బయల్దేరేవాళ్లకు మా పొయ్యి మీద మొదటి వాయి కూడా దిగి ఉండదు. రాత్రే చెబితే ఉడికిన గుడ్లు, గుగ్గిళ్లు పొట్లం కట్టి ఉంచుతాం.

బీపీ ఉన్నవాళ్లకు ఇడ్లీలో ఉప్పు తీయలేం, అది నిన్న రాత్రే కలిసిపోయింది. కారప్పొడి, చట్నీ తగ్గించుకోవడమే. చెన్నై షావుకారుపేట నుంచి వచ్చే జైనులకు ఉల్లి, వెల్లుల్లి, బంగాళాదుంప కూడదని మాకు తెలుసు. వాళ్లలో నిష్ఠగా ఉండేవాళ్లు రాత్రంతా పులిసిన పిండి కూడా తినరు. అప్పటికప్పుడు చేసే అటుకుల ఉప్మా వాళ్లకు సరిపోతుంది. ఉల్లి వేయకుండా చేయడం పది నిమిషాల పని, ముందు తెలిస్తే.

చట్టం ఏమంటుంది?

మన దేశంలో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కేంద్ర లైసెన్సు ఉన్న హోటళ్లు, పది లేక అంతకు మించి శాఖలున్న హోటళ్లు తమ మెనూలో ఎన్ని క్యాలరీలో, ఎలర్జీ కలిగించే పదార్థాలేమున్నాయో తెలియజేయాలి. మాలాంటి ఒంటి హోటళ్లకు ఆ బాధ్యత లేదు. యూరప్‌లో 2014 డిసెంబరు 13 నుంచి చిన్న కాఫీ కొట్టు కూడా 14 రకాల పదార్థాల సంగతి కొనేవాళ్లకు చెప్పి తీరాలి. అక్కడి చట్టం కూడా వేరే వంట చేసిపెట్టమనలేదు. ఏం వేశారో చెప్పమంది, అంతే. చిన్న హోటల్ని అడగాల్సిందీ అదేనని నా అభిప్రాయం.

ఇంకో సంగతి. ‘గ్లూటెన్ ఫ్రీ’ అని బోర్డు పెట్టడం తేలికే. మన ప్రమాణాల ప్రకారం అలా పిలిచే ఆహారంలో గ్లూటెన్ కిలోకు 20 మిల్లీగ్రాములు దాటకూడదు. పూరీ పిండి దుమ్ము గాల్లో తేలే వంటింట్లో ఆ మాటకు ఎవరు పూచీ? ‘మా ఇడ్లీ పిండిలో గోధుమ వేయం’ అనేది నిజం. ‘మా ఇడ్లీ గ్లూటెన్ ఫ్రీ’ అనేది నేను రాయలేను.

మర్యాద కోసం ఆడే అబద్ధం

చిన్న హోటల్లో అసలు ప్రమాదం వేరే వంట లేకపోవడం కాదు, మన మర్యాద. వచ్చినవాళ్లకు లేదని చెప్పడం మనవాళ్లకు చేతకాదు. “జీడిపప్పు ఉందా?” అంటే “కొంచెమేలే సార్, ఏం కాదు” అంటారు. “నెయ్యి వేశారా?” అంటే “పైపైన వేశామక్కా” అంటారు. ప్రేమతోనే అంటారు, తినకుండా లేచిపోతారేమోనని. పథ్యం అంటే తగ్గించి తినడం అని మనకు అలవాటు. ఎలర్జీకి తగ్గించడం చాలదు. కాబట్టి మా సర్వర్లకు ఒకటే చెప్పాను. తెలిస్తే తెలుసనండి, తెలియకపోతే లోపలికి వచ్చి డబ్బా చూడండి, ఉంటే ఉందనండి. ఆ బేరం పోతే పోనీ.

మీ వైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయి. బుకింగ్ యాప్‌లో ‘ప్రత్యేక కోరికలు’ అనే గడిలో రాశామంటారు. అది కౌంటర్లో కుర్రాడి ఫోన్‌కు వస్తుంది, వంటింటికి చేరదు. ఒక ఫోన్ చేయండి, అదీ ముందురోజు మధ్యాహ్నం లోపల. ‘గ్లూటెన్ ఉందా’ అని అడక్కండి, ‘పోపులో ఏమేం వేశారు, నూనె ఏది, ఇదే పెనం మీద ఇంకేం పోశారు’ అని అడగండి. జబ్బయితే జబ్బని చెప్పండి. బరువు తగ్గాలని మానేసినవాళ్లు కూడా ‘ఎలర్జీ’ అనే అంటున్నారు. ఇలాంటివాళ్లు నలుగురొస్తే, నిజంగా ఊపిరాడనివాడు ఐదోవాడై వచ్చినప్పుడు మాస్టరు చెయ్యి ఆగదు. నూనె వద్దు, నెయ్యి వద్దు అనే కోరికా న్యాయమైనదే, కాకపోతే దాని పేరు వేరు.

ఇప్పుడు మా హాల్లో ధరల పట్టిక పక్కన ఇంకో పట్టిక రాయించాం. ఏ టిఫిన్‌లో గోధుమ, వేరుశనగ, జీడిపప్పు, పాలు, గుడ్డు ఉంటాయో, ఏవి ఒకే నూనెలో వేగుతాయో అందులో ఉంది. పెయింటరు కూలి తప్ప ఖర్చు లేదు. గది అద్దెలోనే టిఫిన్ కలిపి ఉన్నవాళ్లకు మా దగ్గర తినదగ్గది ఏదీ లేకపోతే, ఆ టిఫిన్ డబ్బు బిల్లులో తగ్గిస్తాం. బజారులో అరటిపళ్లు ఏ కొట్లో బాగుంటాయో కూడా చెబుతాం.

వేరే వంట చేయలేదని చిన్న హోటల్ని తిట్టకండి. వేసింది వేయలేదంటే మాత్రం ఊరుకోకండి.